మూడో ప్రశ్నకు ఖాళీ కుర్చీ

తలుపు మీద అంటించిన కాగితాన్ని ఎవరో పీకేశారు. ఒక మూల మాత్రం టేపు కింద మిగిలిపోయింది.

ప్రైవేటు డిటెక్టివ్ ఇస్క్రా తానెవా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఆ ముక్కను దగ్గరగా చూసింది. గళ్ళ నోటుబుక్కు కాగితం. దాని మీద నీలం ఇంకుతో రెండు సున్నాలు. అంతకుమించి ఏమీ లేదు.

వెనక తలుపు కిర్రుమంది. ఎదుటి ఫ్లాట్‌లో ఉండే పెంకా బామ్మ శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడింది.

"అంతసేపు ఆ తలుపునేం అడుగుతావమ్మాయ్? నన్నడిగితే నేను చెప్పనా?"

"ఇక్కడ కాగితం ఉండేదా బామ్మా?"

"శుక్రవారం ఉంది. పిల్లలకని చిక్కుడు గింజల సూప్ పట్టుకొచ్చాను. 'ఇంటర్వ్యూ జరుగుతోంది, నాలుగున్నర నుంచి అయిదు దాకా బెల్లు కొట్టకండి' అని రాసుంది. ఎందుకులే కదిలించడం అని గిన్నెతో సహా వెనక్కి తిరిగాను."

"అప్పుడు టైమెంత?"

"నాలుగున్నరకి నా బీపీ మాత్ర. వేసుకునే వచ్చాను."

"లోపల మాటలు వినిపించాయా?"

"మిరెలా ఒక్కతే ఇంగ్లీషులో మాట్లాడుతోంది. బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేస్తోంది. నాకు ముక్క అర్థం కాలేదనుకో, అయినా ముచ్చటేసింది."

"మళ్ళీ ఎప్పుడొచ్చారు?"

"అయిదింటికి. కాగితం లేదు. అయిపోయిందనుకుని బెల్లు కొట్టాను. ఎవరూ తీయలేదు."

"ఇదంతా ఇన్‌స్పెక్టరుకి చెప్పారా?"

"చెప్పాను. నీ వయసెంత అన్నాడు. ఎనభై ఒకటన్నాను. పెన్ను మూసి జేబులో పెట్టేసుకున్నాడు."

ఇస్క్రా ఆ కాగితం ముక్కను టేపుతో సహా ఊడదీసి ఒక కవరులో వేసుకుంది.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి, ఈ భవనం వెనక గరాజుల పక్కన, కారు పెట్టడానికి వచ్చినవాడికి మిరెలా దిమోవా శవం కనిపించింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. హాలండ్‌లో బిజినెస్ మాస్టర్స్ చదవడానికి దరఖాస్తు పెట్టుకుంది. ఆమె ఫోనులో, దరఖాస్తు పంపిన కన్సల్టెన్సీ ద్వారా వచ్చిన, ఆ స్కూలు మెయిలు ఒకటి దొరికింది: "మీ ఇంటర్వ్యూ పూర్తి కాకుండానే 15:38కి ఆగిపోయింది." ఇన్‌స్పెక్టర్ ఆసెన్ గెర్జికోవ్‌కు అది చాలు. ఇంటర్వ్యూ పాడైంది, మనసు విరిగింది, నాలుగో అంతస్తు నుంచి దూకింది. చావు మూడూ ముప్పై ఎనిమిదికి కాస్త అటూ ఇటూ. డాక్టరు మూడుకీ అయిదుకీ మధ్య అన్నాడు కాబట్టి అదీ కుదిరింది. ఆదివారానికల్లా ఫైలు మూతపడింది.

మిరెలా తల్లి ట్రాలీబస్సు నడుపుతుంది. యూనిఫాం కూడా మార్చుకోకుండా ఇస్క్రా దగ్గరికి వచ్చి ఒకటే మాట అంది: "నా కూతురు శనివారం ఇంటికొస్తానంది. తలంటుకోవాలి, వేణ్ణీళ్ళు పెట్టి ఉంచమంది."

మూడూ ముప్పై ఎనిమిదికి చచ్చిపోయిన మనిషి నాలుగున్నర దాటాక ఇంగ్లీషు మాట్లాడదు. బామ్మ అయినా పొరబడాలి, గడియారమైనా పొరబడాలి.

ఇస్క్రా బెల్లు నొక్కింది.

తలుపు తీసిన పిల్ల జోర్నిత్సా కోలెవా, మిరెలాతో కలిసి ఈ ఫ్లాట్‌లో అద్దెకుంటున్నది. బేకరీలో పని చేస్తూ తను కూడా అదే స్కూలుకు దరఖాస్తు పెట్టుకుంది. మూడు రోజులుగా నిద్రలేని కళ్ళు. మంచం మీద సగం సర్దిన సంచి ఉంది.

"ఎక్కడికి ప్రయాణం?"

"రుమేనియాకి మేడమ్, బుకారెస్ట్. రేపు పొద్దున తొమ్మిదింటికి నా ప్రవేశ పరీక్ష. ఈ తేదీ తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి." ఆమె గొంతు తగ్గింది. "ఇలాంటప్పుడు పరీక్షేంటి అనుకుంటున్నారేమో."

"అనుకోవట్లేదు. ఎలా వెళ్తావ్?"

"నాలుగింటి బస్సుకి. దర్యాప్తుకని తీసుకున్న పాస్‌పోర్టు పోలీసుల దగ్గరుంది. రెండింటికి వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళమన్నారు. అది లేకపోతే హాల్లోకి రానివ్వరు."

ఇస్క్రా గదంతా ఒకసారి కలియజూసింది. కిటికీ వైపు కాకుండా గోడ వైపు తిప్పిన బల్ల. దాని మీద ఒకదాని మీద ఒకటి పేర్చిన అయిదు లావుపాటి పుస్తకాలు, ముఖం మీద వెలుగు పడేలా వంచిన దీపం. కుర్చీ వెనక గోడకు గుండుసూదులతో బిగించిన తెల్ల దుప్పటి. బల్ల పైన గోడకు పసుపు చీటీలు. ఒక్కోదాని మీద ఒక్కో మాట: "ఎందుకు బిజినెస్?", "ఎందుకు ఇప్పుడే?", "అయిదేళ్ళ తర్వాత?" చివరి చీటీ మీద "నవ్వు" అని ఉంది.

"ఈ ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో చెప్పమ్మా. అవతల ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు మేడమ్. తెర మీద ప్రశ్న వస్తుంది. ఆలోచించుకోవడానికి అర నిమిషం, చెప్పడానికి నిమిషంన్నర. చెప్పినా చెప్పకపోయినా తర్వాతి ప్రశ్న వచ్చేస్తుంది. మొత్తం అయిదు. మొదలెట్టాక ఆపడానికి లేదు. మధ్యలో కంప్యూటర్ మూస్తే చెప్పిందంతా పోతుంది, ఏదీ వాళ్ళకి చేరదు, జాగ్రత్త అని శాపోవ్ సార్ పదిసార్లు చెప్పారు."

"శాపోవ్ అంటే?"

"మా కన్సల్టెన్సీ ఆయన. మా ఇద్దరి దరఖాస్తులూ ఆయనే పంపించారు."

"మిరెలా ఒంటి మీద నల్ల కోటు, కింద పూల పైజామా ఉన్నాయని పోలీసులు రాశారు."

"కోటు నాదే. ఇంటర్వ్యూకని ఇచ్చాను." జోర్నిత్సా పెదవి కొరుక్కుంది. "నడుం పైన మేనేజర్‌లా ఉంటే చాలు, కింద ఎవడు చూస్తాడు అని నవ్వింది."

"అంటే ఇంటర్వ్యూ నడుస్తుండగానే పోయింది. అయిపోయాక కుమిలిపోయే పిల్లయితే ముందు కోటు విప్పేస్తుంది. శుక్రవారం నువ్వెక్కడున్నావ్?"

"బేకరీలో. శుక్రవారం మధ్యాహ్నాలు నాకు సెలవు, ఇంట్లోనే ఉంటాను. దానికి గది నిశ్శబ్దంగా ఉండాలని ఆ ఒక్కరోజు డ్యూటీ మార్చుకున్నాను."

అద్దాలు బిగించి వంటగదిగా మార్చుకున్న బాల్కనీలోకి ఇస్క్రా నడిచింది. కిటికీ గట్టు ఛాతీ ఎత్తున ఉంది. గట్టు పొడుగునా కాల్చిన ఎర్ర మిరప పచ్చడి సీసాలు, ఒక్కోదాని మీద చేత్తో రాసిన చీటీ. మధ్యలో రెండు సీసాలంత ఖాళీ.

"ఇక్కడివి?"

"పగిలిపోయాయి. నేను వచ్చేసరికి నేలంతా గాజు పెంకులు, ఎర్ర మరక. రక్తమేమో అనుకున్నాను. పోలీసులు ఫోటోలు తీసుకున్నాక తుడిచేశాను."

ఇస్క్రా చేతి సంచిలోంచి డాక్టరు రిపోర్టు నకలు తీసింది. ఉన్ని మేజోళ్ళు, పొడిగా, శుభ్రంగా. పాదాల మీద గీతలు లేవు. తనంత తాను కిటికీ గట్టు ఎక్కిన పిల్ల ఆ గాజు పెంకుల మీదుగానే అడుగు వేసి ఉండాలి. ఈమె కాళ్ళు ఆ నేలకు ఆనలేదు.

ఆ సంగతి జోర్నిత్సాకు చెప్పలేదు.

"ఈ పచ్చడి మీ ఊరిదా?"

"మా అమ్మావాళ్ళు చేస్తారు, పదకొండు మంది ఆడవాళ్ళు. అమ్ముడుపోక మానేద్దామనుకుంటుంటే నేను పెట్రోలు బంకుల వెంట తిరిగి అక్కడ పెట్టించాను. నా దరఖాస్తు వ్యాసమంతా అదే కథ."

"ఈమధ్య మీకెవరితోనైనా గొడవైందా? నీకైనా, మిరెలాకైనా?"

ఆ పిల్ల చూపు సీసాల మీదికి పోయి, అక్కడే ఒక క్షణం ఆగి, వెనక్కి వచ్చింది.

"లేదు మేడమ్."

"నీ డిప్లొమా ఎక్కడుంది?"

"శాపోవ్ సార్ బీరువాలో. అందరి ఒరిజినల్సూ ఆయన దగ్గరే ఉంటాయి."

ఇంకొంచెం గుచ్చితే ఏడుస్తుంది, ఏడ్చినా చెప్పదు. ఇస్క్రా తన నంబరు రాసి ఇచ్చింది. "బస్సెక్కే ముందు నాకు ఫోన్ చెయ్యి. మర్చిపోకు."

అప్పటికి పదకొండున్నర.

*

శాపోవ్ విదేశీ విద్యా కేంద్రంలో గోడకు నాలుగు గడియారాలు ఉన్నాయి. ఒక్కోదాని కింద ఒక్కో నగరం పేరు. ఇస్క్రా అడుగు పెట్టేసరికి మన గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. దాని పక్కన హాలండ్ గడియారం పదకొండున్నర దగ్గర ఉంది.

ఇస్క్రా ఒక్క క్షణమే చూసింది. స్కూలు పంపిన మెయిలులో ఉన్నది స్కూలు టైము. అక్కడ 15:38 అంటే ఇక్కడ నాలుగూ ముప్పై ఎనిమిది. బామ్మ పొరబడలేదు. తలుపు మీది కాగితాన్ని ఎందుకు పీకేశారో కూడా అర్థమైంది. దాని మీద అసలు టైము ఉంది.

"గడియారాలు బాగున్నాయా మేడమ్?" అన్నాడు బొగొమిల్ శాపోవ్. యాభై ఏళ్ళుంటాయి. బూడిద రంగు స్వెటర్, మెత్తటి గొంతు, తొందర లేని చేతులు.

"మా ఇంట్లో ఒక్కటే ఉంది. అదీ ఆగిపోయింది." ఇస్క్రా కూర్చుంది. "మిరెలా గురించి అడగాలి."

"మా పిల్ల మేడమ్. ఈ గడప తొక్కిన ప్రతి పిల్లా మా పిల్లే. కానీ నిజం చెప్పాలిగా. ధైర్యం తక్కువ. ఈ ఏడాది వద్దమ్మా అని కూడా అన్నాను."

"శుక్రవారం ఆ పిల్లను కలిశారా?"

"ఎక్కడ కుదురుతుంది? మూడింటికి హోటల్లో తల్లిదండ్రుల సభ. మూడూ ముప్పై ఎనిమిదికి నేను నలభై మంది ముందు మైకు పట్టుకుని ఉన్నాను. ఫోటోలున్నాయి."

"నేనింకా అంతదాకా రాలేదు."

"ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు." అతను నవ్వాడు. "అందరూ అడిగేది అదేగా అని ముందే చెప్పాను. మీ శ్రమ తగ్గించడానికి."

"సభ ఎన్నింటికి అయిపోయింది?"

"నాలుగుంబావుకి."

"ఆ హోటల్ నుంచి మిరెలా ఇల్లు పది నిమిషాల నడక."

"ఈ ఊళ్ళో ఎక్కడి నుంచి ఎక్కడికైనా పది నిమిషాలే. నాలుగుంబావు తర్వాత సంగతి మనకెందుకు? అప్పటికే పాపం అయిపోయిందిగా."

ఇస్క్రా జేబులోంచి పొద్దుతిరుగుడు గింజ ఒకటి తీసి పంటి కింద పగలగొట్టి తొక్కను అరచేతిలో పెట్టుకుంది. జవాబు వెంటనే చెప్పకూడదనుకున్నప్పుడు ఆమెకు అదో అలవాటు. వెనక గోడ నిండా నవ్వుతున్న ముఖాల పోస్టర్లు ఉన్నాయి. ఒక కుర్రాడి ఫోటో కింద పెద్ద అక్షరాలు: "ఫిలిప్, పూర్తి స్కాలర్‌షిప్. పెట్రోలు బంకుల్లో మిరప పచ్చడి అమ్మించి, పదకొండు మంది పల్లె మహిళలను నిలబెట్టిన యువకుడు."

"ఈ అబ్బాయిది ఏ ఊరు?"

"రాజధాని. నాన్నగారికి భవనాల వ్యాపారం."

"పచ్చడెక్కడ నేర్చుకున్నాడు?"

శాపోవ్ తల తిప్పకుండానే చెప్పాడు. "ఇలాంటి కథలు కలుస్తుంటాయి మేడమ్. మన దేశంలో మిరపకాయ కాల్చని ఊరేదైనా ఉందా?"

"ఉండదు. సరిగ్గా పదకొండు మంది ఆడవాళ్ళు కాల్చే ఊళ్ళు తక్కువ. స్కూలు నుంచి వచ్చే ఉత్తరాలు పిల్లలకే వస్తాయా?"

"పిల్లలు పాస్‌వర్డులు మర్చిపోతారు, గడువులు మర్చిపోతారు. అందుకే దరఖాస్తుకు ఈమెయిలు మేమే తెరుస్తాం. ఏదొచ్చినా ముందు మేం చూస్తాం. వాళ్ళకి కావలసింది వాళ్ళకి చెబుతాం."

"జోర్నిత్సా కోలెవా ఫైలు ఒకసారి చూడొచ్చా?"

కాఫీ కప్పు చుట్టూ తిరుగుతున్న అతని వేలు ఆగింది.

"చనిపోయింది ఆ పిల్ల కాదు కదా."

"కాదు."

"అయితే అది మా పిల్లల సొంత విషయం." అతను లేచి తలుపు తీశాడు. "మెట్ల మీద మంచు గడ్డకట్టింది. మీ వయసులో జారితే లేవడం కష్టం. జాగ్రత్త."

వీధిలోకి రాగానే ఇస్క్రా జోర్నిత్సాకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. బేకరీలో ఉందేమో. రెండింటికి ఎలాగూ పోలీసు కార్యాలయానికి వస్తుంది, అక్కడే పట్టుకోవచ్చు. ఈలోపు పేపర్ల స్టాలు పక్కన నిలబడి హాలండ్ స్కూలుకు ఫోన్ చేసింది. ముగ్గురు మారాక హెండ్రికా అనే ప్రవేశాల అధికారి దొరికింది. ఆమె చెప్పిన మాటతో ఇస్క్రా చేతిలోని గింజలు నేలపాలయ్యాయి.

"మూత మూస్తే పోతుందని ఎవరు చెప్పారండీ? అభ్యర్థి కూర్చున్న క్షణం నుంచి ప్రతి సెకనూ మా దగ్గరికి వచ్చేస్తుంది. ఆ అమ్మాయిది కూడా ఉంది. మేమింకా ఎవరం తెరవలేదు. కానీ పోలీసులు రాస్తే తప్ప ఇవ్వలేం."

*

రెండుంబావుకి ఇస్క్రా గెర్జికోవ్ గది తలుపు తోసింది. అతను టోపీ తీసి, రెండు చేతులతో మీట్‌బాల్ శాండ్‌విచ్ తింటున్నాడు. పన్నెండేళ్ళ క్రితం ఇద్దరూ ఇదే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చునేవాళ్ళు. ప్రమోషన్ అతనికి వచ్చింది. రాజీనామా ఆమె ఇచ్చింది.

"రా ఇస్క్రా. నీ ముసలమ్మ ఏమంటోంది? శుక్రవారం టైముతో పాటు నా జాతకం కూడా చెప్పిందా?"

"జోర్నిత్సా వచ్చిందా?"

"వచ్చింది, సంతకం పెట్టింది, పాస్‌పోర్టు తీసుకుంది, వెళ్ళింది. పది నిమిషాలైంది. పిల్లను మళ్ళీ ఏడిపించడానికి దారి కాసి నిలబడకు."

నాలుగింటి బస్సుకు ఇంకా టైముంది. ఇస్క్రా కూర్చోలేదు.

"ఆసెన్, హాలండ్‌లో ఇప్పుడు టైమెంత?"

"నాకెందుకు?"

"ఒంటిగంటంబావు. నీకు దొరికిన మెయిలు ఆ దేశం నుంచి వచ్చింది. 15:38 వాళ్ళది. మనకు నాలుగూ ముప్పై ఎనిమిది."

అతను నమలడం ఆపాడు. మెడ దగ్గర ఎరుపు మొదలై చెవుల దాకా పాకింది.

"గంట తేడా వస్తే ఏమైంది? మూడున్నరకి దూకకుండా నాలుగున్నరకి దూకింది. చావు చావే."

"గాజు పెంకుల మీదుగా దూకింది, మేజోళ్ళకి ఒక్క గీత పడకుండా. తలుపు మీద టైము రాసిపెట్టుకున్న కాగితాన్ని చనిపోయాక వచ్చి తనే పీకేసుకుంది. నీ ఫోటోలే చూడు. సీసాలు పగిలింది లోపలివైపు."

"నీకు కేసులు లేక ఎక్కడ పడితే అక్కడ హత్యలు కనిపిస్తాయి."

"నీకు ఫైలు మూసే తొందరలో హత్యలు కనిపించవు. ఈ మాట పన్నెండేళ్ళ క్రితం అన్నాను, అప్పుడు నీకు కోపం వచ్చింది. ఇప్పుడూ రానీ. కానీ ముందు ఆ స్కూలుకి రెండు వాక్యాలు రాయి. వీడియో వాళ్ళ దగ్గరుంది."

"రాయకపోతే?"

"మిరెలా తల్లిని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెడతాను. హాలండ్‌కీ మనకీ గంట తేడా అని ఆవిడకి నువ్వే చెబుదువుగాని."

గెర్జికోవ్ శాండ్‌విచ్‌ను కాగితంలో చుట్టి పక్కకు నెట్టాడు. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "చెప్పు. రెండే వాక్యాలు."

"మిరెలా దిమోవా వీడియో మొత్తం పంపమను. ఇంకోటి. జోర్నిత్సా కోలెవా నుంచి వాళ్ళకి ఏదైనా ఫిర్యాదు వచ్చిందా అడుగు."

"ఆ పిల్లకేం సంబంధం?"

"రాయి ఆసెన్."

జవాబు మూడూ పదికి వచ్చింది. హెండ్రికా మొదట రెండో ప్రశ్నకే సమాధానం రాసింది. గెర్జికోవ్ బయటికి చదివాడు.

"జోర్నిత్సా కోలెవా మూడు వారాల క్రితం మా వెబ్‌సైటు ద్వారా ఫిర్యాదు చేశారు. తన వ్యాసంలోని కథతో వేరొకరు స్కాలర్‌షిప్ పొందారని. ఆమె దరఖాస్తులో ఉన్న ఈమెయిలుకు మేము రెండుసార్లు రాశాం. గత వారం అదే ఈమెయిలు నుంచి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్లు జవాబు వచ్చింది. కానీ భాష ఆమెది కాదనిపించింది. అందుకని ఆమెతో ముఖాముఖి మాట్లాడితే తప్ప మూసివేయబోమని తెలియజేశాం. ఆ సమావేశం మంగళవారం సాయంత్రం. ఆమె రాకపోతే ఫిర్యాదు దానంతటదే రద్దవుతుంది."

"మంగళవారం అంటే రేపే" అన్నాడు.

"ఆ ఈమెయిలు శాపోవ్ తెరిచింది. ఆ ఉత్తరాలు ఆ పిల్ల ఒక్కటి కూడా చూసి ఉండదు. రేపు ఒక సమావేశం ఉందన్న సంగతే తెలియదు." ఇస్క్రా కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. "వీడియో పెట్టు."

తెర మీద తెల్ల దుప్పటి ముందు మిరెలా. నల్ల కోటు, దువ్విన జుట్టు. మొదటి ప్రశ్నకు కాస్త తడబడింది. రెండో ప్రశ్నకు కుదురుకుంది. మధ్యలో చూపు పక్కనున్న చీటీ మీదికి పోయింది, వెంటనే నవ్వింది. గెర్జికోవ్ ఆ నవ్వు చూసి కుర్చీలో ముందుకు జరిగాడు. మనసు విరిగిన మనిషి ముఖం కాదది. అతనికి తెలుసు.

మూడో ప్రశ్న: మీరు న్యాయమని నమ్మిన దాని కోసం నిలబడిన ఒక సందర్భం చెప్పండి.

"నా స్నేహితురాలి కథను ఒకరు దొంగిలించారు" అని మొదలుపెట్టింది మిరెలా ఇంగ్లీషులో. "ఆమె భయపడింది. నేను భయపడవద్దని..."

బెల్లు మోగింది.

ఆమె ఆగలేదు. మళ్ళీ మోగింది. మూడోసారి ఎవరో వేలు తీయకుండా నొక్కారు. మిరెలా కెమెరాకు క్షమాపణ చెప్పి లేచింది. పూల పైజామా తెర మీదుగా వెళ్ళిపోయింది.

ఖాళీ కుర్చీ. తెల్ల దుప్పటి. మూలన సెకన్లు లెక్క తగ్గుతున్నాయి. తలుపు తీసిన చప్పుడు, తర్వాత ఒక మగ గొంతు, మెత్తగా:

"జోర్నిత్సా ఏదమ్మా?"

"లేదు సార్, షాపులో ఉంది. నాకు ఇంటర్వ్యూ నడుస్తోంది..."

"శుక్రవారం ఈ టైముకి ఇంట్లోనే ఉంటుందిగా."

"నా కోసం డ్యూటీ మార్చుకుంది. సార్, మీరు తర్వాత రండి. సార్, లోపలికి ఎందుకు..."

"దాంతో రెండు మాటలు మాట్లాడాలి. ఆ ఉత్తరం రాయించింది నువ్వేనా?"

తలుపు మూసుకున్న చప్పుడు.

"నేనే సార్. ఆ కథ దానిది. మీరు అమ్ముకున్నారు."

గబగబా అడుగులు. ఏదో ఒరుసుకున్న చప్పుడు. "వదలండి" అన్న మాట, సగం. గాజు పగిలింది. వెంటనే ఇంకోటి. ఆ తర్వాత వినిపించింది గాలి ఒక్కటే, తెరిచిన కిటికీలోంచి.

నాలుగో ప్రశ్న తెర మీదికి వచ్చింది. మీ నాయకత్వ లక్షణాలను వివరించండి. లెక్క తగ్గుతూ పోయింది. బూడిద రంగు స్వెటర్ చేయి ఒకటి పక్కనుంచి వచ్చి, తొందర లేకుండా, మూత దించింది.

గెర్జికోవ్ చివరి ముక్కను వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు.

"ఆ గొంతు..."

"నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. వెతుక్కుంటూ వచ్చింది జోర్నిత్సా కోసం. మిరెలా అడ్డం వచ్చింది." ఇస్క్రా లేచి కోటు అందుకుంది. "మూడూ ఇరవై అయింది. బస్సు నాలుగింటికి. ఇద్దరు మనుషుల్ని బస్‌స్టాండుకి పంపు. నేనూ వస్తున్నాను. నడువు."

అతను లేవలేదు.

"ఆ పిల్ల బస్సులో వెళ్ళట్లేదు."

"ఏంటి?"

"ఒంటిగంటన్నరకి శాపోవ్ వచ్చాడు. నువ్వొచ్చి చనిపోయిన పిల్లని వదిలేసి వేరే పిల్లల గురించి అడుగుతున్నావని కంప్లైంట్ చేశాడు. జోర్నిత్సాకి పాస్‌పోర్టు ఎప్పుడిస్తున్నారని అడిగాడు. చెప్పాను. ఇక్కడే, నువ్వు నిలబడ్డ చోటే కూర్చున్నాడు. పిల్ల రాగానే, మూడు రోజులుగా నిద్రలేదు, బస్సులో ఏం వెళ్తావమ్మా, నేనూ అటే పోతున్నా అన్నాడు. థర్మాస్‌లోంచి టీ పోసిచ్చాడు. ఆ పిల్ల నా వంక చూసింది, ఇస్క్రా. వెళ్ళనా అన్నట్టు. వెళ్ళమ్మా, మంచాయన అన్నాను."

ఇస్క్రా అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుంది. ఈసారి మోగలేదు. స్విచ్ ఆఫ్.

"సరిహద్దు వంతెన దగ్గరికి ఫోన్ చెయ్యి. దాటితే అవతల రుమేనియా. అక్కడ నీ మాట చెల్లదు."

గెర్జికోవ్ వేళ్ళు రెండుసార్లు తప్పు నంబరు నొక్కాయి. మూడోసారి దొరికింది. కారు నంబరు చెప్పాడు. విన్నాడు. "ఎన్నింటికి?" అన్నాడు. మళ్ళీ విన్నాడు. "ఆ అమ్మాయితో మాట్లాడారా?" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు వింటూనే ఉన్నాడు.

ఫోన్ పెట్టేసి, బల్ల మీది శాండ్‌విచ్ కాగితం వంక చూస్తూ చెప్పాడు.

"రెండూ నలభై ఎనిమిదికి దాటారు. రెండు పాస్‌పోర్టులూ ఆయనే చూపించాడట. పిల్ల వెనక సీట్లో పడుకుని ఉందట. గార్డు అద్దం మీద తట్టి పిలిచాడట, కళ్ళు తెరవలేదు. పరీక్ష కదండీ, రాత్రంతా చదివింది, లేపకండి అన్నాడట ఆయన."